కృపామణి కుడి చెయ్యి

నేను చేతులు చేస్తాను. నవ్వకండి, అదే నా వృత్తి. పంజాగుట్టలో మెయిన్ రోడ్డు వెనక సందులో, మందుల దుకాణం మీద మొదటి అంతస్తులో నా వర్క్‌షాపు ఉంది. మిషన్లో పోయిన చేతికీ, కరెంటుకు కాలిన వేలికీ సిలికాన్‌తో మారు చేసి ఇస్తాను. అవి గ్లాసు ఎత్తవు, ముద్ద కలపవు. చూసేవాళ్లకు చెయ్యిలా కనబడతాయి, అంతే. ఇరవై రెండేళ్లు ఇదే పని చేశాక మనుషుల మొహాలు మర్చిపోతాను గానీ చేతులు మర్చిపోను. నాకు ముక్కు మీద కోపమని మా ఇంటావిడ అంటుంది. శాంతిరాజు సంగతి విన్నాక ఆ కోపంలో తప్పుందో లేదో మీరే చెప్పండి.

మొదటిసారి వచ్చినప్పుడు కూర్చోమని నాలుగుసార్లు చెప్పాను. వింటేనా! యాభై దాటిన సన్నటి మనిషి, చొక్కా జేబు నిండా చాక్‌పీసులు, మోచేతుల దాకా సుద్దపొడి. కిటికీ దగ్గరికి పోతాడు, తలుపు దగ్గరికి వస్తాడు, షెల్ఫులో ఆరబెట్టిన వేళ్లను ముట్టుకుంటాడు. ముట్టుకోవద్దంటే సరేనని పక్కదాన్ని ముట్టుకుంటాడు. ఆయన భార్య కృపామణి మాత్రం కుడి చేతికి కొంగు చుట్టుకుని, నేల చూస్తూ బెంచీ చివర కూర్చుంది. సనత్‌నగర్లో డబ్బా మూతలు కొట్టే ఒక చిన్న షెడ్డులో ప్రెస్ మీద పని చేసేదట. ఎనిమిది నెలల కింద ఆ ప్రెస్ ఆమె కుడి చేతిని మణికట్టు దాకా తీసుకుపోయింది.

"వందనాలు భాయ్. మా ఆమెకు చెయ్యి గావాలె," అన్నాడు శాంతిరాజు. "గామె చెయ్యే గావాలె. వేరేటోళ్లది వద్దు."

"వేరేటోళ్ల చెయ్యి నేనేడ తెస్తనన్నా? అక్క ఎడమ చేతికి అచ్చు తీస్త. దాన్ని ముందట పెట్టుకొని మైనంల తిర్లేసి చెక్కుత. కుడిది వస్తది. అందరికి గట్లనే చేస్త."

"ఎడమది చూసి కుడిది ఎట్ల జేస్తవ్ భాయ్? పిండి పిసికింది కుడిది. బట్టలు పిండింది కుడిది. ప్రెస్ కొట్టింది సుత కుడిదే. ఎడమది ఉత్తగ పక్కన నిలవడ్డది. రెండు ఒక్కటే అయితయా?"

ఇరవై రెండేళ్లలో ఈ మాట నన్నెవరూ అడగలేదు. జవాబు దొరకలేదు, అందుకని కోపం వచ్చింది. "అయితే ఫోటో తే. లేకుంటే బొమ్మ గీసి తే. వచ్చే శుక్రవారం కాదు, గా పై శుక్రవారం అచ్చు తీస్త. అప్పటిదాక నీ ఇష్టం," అన్నాను. ఆయన బోర్డు ఆర్టిస్టని అప్పటికి నాకు తెలియదు. తెలిస్తే చచ్చినా ఆ మాట అనేవాణ్ని కాదు.

మర్నాడు ఒక్కడే వచ్చాడు. నిలబడే చెప్పాడంతా. కృపామణి ఆసుపత్రికి తప్ప ఎనిమిది నెలలుగా గడప దాటలేదు. మధురానగర్లో వాళ్ల గదికి నాలుగిళ్ల అవతలే చర్చి. అక్కడ నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఇస్తారు, రొట్టె ముక్క కోసం కుడి అరచెయ్యి చాపాలి. ప్రార్థన అయ్యాక ఒకరికొకరు వందనాలు చెప్పుకుంటూ చేతులు కలుపుతారు. ఎడమ చెయ్యి చాపమని పాస్టరమ్మే ఇంటికొచ్చి చెప్పినా ఆమె ఒప్పుకోలేదు. చర్చికి పోవడం మానేసింది, తర్వాత కొట్టుకు పోవడం మానేసింది, ఇప్పుడు మాట్లాడడం కూడా మానేస్తోంది.

"గోడ దిక్కు తిరిగి పంటది భాయ్. పొద్దంత గంతే. గిట్లనే ఉంటె మనిషి నాకు దక్కదు," అన్నాడు. "ఆమె చెయ్యి ఆమెకిస్తె లేస్తది. నువ్వు జర మనసుపెట్టు."

ఆ మాటకు నా కోపం కొంత దిగింది. కొంతే.

శాంతిరాజు పుట్టింది ఎర్రగడ్డలో. పదహారో ఏట కుంచె పట్టాడు. ఒకప్పుడు అమీర్‌పేటలో టైలర్ షాపులకూ, మెస్సులకూ, టైపు ఇన్‌స్టిట్యూట్లకూ ఆయన రాసిన బోర్డులే ఉండేవి. ఫ్లెక్సీలొచ్చాక రంగు డబ్బాలు అటకెక్కాయి. ఇప్పుడు నాలుగు కోచింగ్ సెంటర్లకు ఫుట్‌పాత్ మీద పెట్టే నల్లబోర్డులు రాస్తున్నాడు. ఏ కోర్సు, ఎన్ని గంటలకు, డెమో ఎప్పుడు అని పొద్దున్నే చాక్‌పీసుతో రాయాలి, సాయంత్రం చెరిపి మళ్లీ రాయాలి. అక్షరం మాత్రం ముత్యం, ఒప్పుకోవాలి.

బోర్డు ఆర్టిస్టులకు చేతులంటే భయమట. మొహం ఎట్లా వేసినా గిరాకీ ఊరుకుంటాడు, చెయ్యి తప్పు పడితే చంటిపిల్ల కూడా నవ్వుతుంది. అందుకని వాళ్లలో ఒక అలవాటు ఉంది. కుడి చేత్తో కుంచె పట్టుకుని, తన ఎడమ చేతిని ఎదురుగా చాపి, దాన్నే చూసి వేస్తారు. కుడి అరచెయ్యి కావాలంటే ఎడమ చేతి వెనకవైపు అంచు గీసి లోపల రేఖలు నింపుతారు. కత్తెర పట్టిన టైలరుదైనా, దీవించే దేవుడిదైనా చెయ్యి ఆర్టిస్టుదే. "గా రోజుల్ల అమీర్‌పేట నిండ నా చేతులే ఉండె," అన్నాడు ఛాతీ విరిచి.

ఇక మొదలైంది నా గ్రహచారం. ముందు ఫోటోల కోసం ఇల్లంతా గాలించాడు. పెళ్లి ఫోటోలో కృపామణి తెల్లచీర కట్టుకుని ఉంది, చేతులకు తెల్ల జాలీ గ్లౌజులు. ఫోన్లో ఉన్నవాటిలో ఒకదాంట్లో కుడి చెయ్యి కొంగు కింద, ఇంకోదాంట్లో గిన్నె వెనక, మరోదాంట్లో ఎవరి భుజమో అడ్డం. ఇరవై నాలుగేళ్ల కాపురంలో ఆ చెయ్యి ఒక్క ఫోటోకూ చిక్కలేదు. చివరికి ఒకరోజు ఎంతో ఆశగా వచ్చి, "ఆధార్ల పది వేళ్ల ముద్రలు తీస్కున్నరు గద భాయ్, అడిగితే ఇస్తరా?" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

తర్వాత గీయడం పట్టుకున్నాడు. అట్టలకు నల్ల రంగు పూసి, తెల్ల చాక్‌పీసుతో చేతులు. చాచిన చెయ్యి, గరిటె పట్టిన చెయ్యి, రొట్టె కోసం దోసిలిగా వంచిన చెయ్యి. వెలుగు పడే చోట తెల్లగా వదిలి, నీడ ఉన్న చోట వేలితో రుద్ది, అబ్బ, ఏం గీశాడు! నరాలు కనిపించాయి. రోజుకు ఒకటో రెండో తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ఇది ఆమెదేనా భాయ్?" అని నన్నే అడిగేవాడు. ఆమె చెయ్యి నేనెన్నడూ చూడలేదు మొర్రో అంటే వినడు. నేను మాట పూర్తిచేసే లోపలే, "కాదు, కాదు, బొటనవేలు తప్పింది," అని అట్ట చంకలో పెట్టుకుని మెట్లు దిగేవాడు. సగం రోజు ఈయన రాకపోకలకే పోయేది. రాకపోతే ఎందుకు రాలేదా అని ఇంకో సగం పోయేది.

మైనం కొనడానికి అమీర్‌పేట పోయినప్పుడు అక్కడ కూడా ఈయన గొడవే. ఒక కోచింగ్ సెంటర్ ముందు నల్లబోర్డు, "పైథాన్, ఉదయం ఏడు గంటలు" అని ముత్యాల్లాంటి అక్షరాలు, వాటి కింద మూరెడు పొడుగున ఒక ఆడమనిషి చెయ్యి. దాని ముందు ఆ సెంటర్ మేనేజర్ వీర్రాజు తల పట్టుకుని నిలబడ్డాడు. గోదావరి వైపు మనిషి, పాత పరిచయం.

"చూశారా ప్రమోద్ గారూ? నిన్న ఒకాయన లోపలికొచ్చి, ఇక్కడ చెయ్యి చూసి జాతకం చెబుతారా అని అడిగాడండీ! చెరపమంటే చెరిపాడు. చెరిపి ఇదిగో, ఇంకో చెయ్యి గీశాడు. ఎడం చెయ్యి తీసి పుర్రచెయ్యి పెట్టినట్టు! మనిషి మంచోడు, తీసెయ్యలేను. పెట్టుకోనూ లేను. ఏంటండీ ఈయన బాధ?"

ఏం చెప్పను? చెబితే నడివీధిలో గంట పడుతుంది. "ఈ శుక్రవారం దాకా ఓపిక పట్టండి," అని వచ్చేశాను.

గురువారం అసలు కంగారు పుట్టింది. శాంతిరాజు చెమటలు కక్కుతూ వచ్చాడు. మెట్రోలో ఒకావిడ పైన కడ్డీ పట్టుకుని నిలబడితే, ఆమె చెయ్యి కృపామణి చెయ్యిలా అనిపించిందట. చూస్తూ చూస్తూ ఆమె దిగిన చోటే దిగి, వెనకాలే ఎస్కలేటర్ దాకా పోయాడట. ఆవిడ తిరిగి చెప్పు చూపించింది. నలుగురు పోగయ్యారు. సెక్యూరిటీవాళ్లు పట్టుకుంటే, "మా ఆమె చెయ్యి గట్లనే ఉండె సార్" అన్నాడట. వాళ్లకేం అర్థమవుతుంది, నా తలకాయ!

"బుద్ధున్నదా అన్నా నీకు? ఎవలన్న పోలీసులకు పట్టిస్తె అక్కను ఎవరు చూస్తరు?" అని గట్టిగా అరిచాను.

"రేపే శుక్రారం భాయ్," అన్నాడు. తిట్టింది విననే లేదు. "నాకు యాదికొస్తలేదు. కండ్లు మూస్తె ఆమె మొఖం కనవడ్తది, నడక కనవడ్తది. చెయ్యి కాడికొచ్చేసరికి ఏం లేదు. ఏం మనిషిని భాయ్ నేను?"

టీ తెప్పించాను. తాగకుండానే వెళ్లిపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరూ వచ్చారు. కృపామణి అదే బెంచీ చివర, అదే కొంగు. శాంతిరాజు చంకలో అట్టల కట్ట. నేను అచ్చుకు గిన్నెలూ నీళ్లూ సిద్ధం చేసుకుని, ఏది చూసి చెక్కాలో తేల్చుకుందామని ఆ అట్టలను గోడకు వరసగా ఆనించాను. మొత్తం పదకొండు. అన్నిటినీ ఒకచోట చూడడం నాకదే మొదటిసారి.

చూడగానే ఏదో తేడా కొట్టింది. నా కన్ను ఊరికే పోదు. ప్రతి చేతికీ చిటికెన వేలు కొస దగ్గర లోపలికి వంగి ఉంది. ఉంగరపు వేలు చూపుడు వేలికంటే బాగా పొడుగు. బొటనవేలు వెనక్కి విల్లులా తిరిగి ఉంది. ఈ చెయ్యి నేనెక్కడో చూశాను. పన్నెండు రోజులుగా చూస్తున్నాను. పక్కకు తిరిగితే, శాంతిరాజు ఎడమ చేత్తో తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డాడు. వంగిన చిటికెన వేలు, పొడుగు ఉంగరపు వేలు, విల్లులాంటి బొటనవేలు.

"శాంతిరాజన్నా, నీ ఎడమ చెయ్యి ఇటు తే," అన్నాను. తెచ్చాడు. తీసుకెళ్లి అట్ట పక్కన పెట్టాను. "చూస్కో. పదకొండు గీసినవ్, పదకొండూ నీ చెయ్యే. అలవాటు ప్రకారం నీ చెయ్యి చూసే గీసినవ్."

ఆయన అట్ట చూశాడు, తన చెయ్యి చూశాడు, ఇంకో అట్ట చూశాడు. "కాదు భాయ్... నేను చూడలే, మతిలకెల్లి గీసిన," అన్నాడు. మొహం సుద్దలా పాలిపోయింది. నాకే పాపం అనిపించింది, కాస్త నెమ్మదిగా చెప్పాల్సింది.

అప్పుడు బెంచీ మీద నుంచి కృపామణి గొంతు వినిపించింది. నా దగ్గర ఆమె నోరు విప్పడం అదే మొదలు.

"ఇరవై నాలుగేండ్లు గా చేత్తోనే అన్నం పెట్టిన. పళ్లెం చూసినవ్ గాని చెయ్యి చూసినవా? చేతులు కాలినంక ఆకులు పట్టుకుంటున్నవ్. ఉన్నన్ని దినాలు కానరాలే, పోయినంక ఊరంత తిరిగి ఎతుకుతున్నవ్!"

"తప్పే కృపా. తప్పు నాదే," అన్నాడు శాంతిరాజు, ఆమె ముందు నేల మీద కూలబడి. "నువ్వు చెప్పు. నువ్వు చెప్తుంటె నేను గీస్త. ఎట్లుండె?"

"ఎట్లుండడమేంది? బొటనవేలు కింద కాలిన మచ్చ..." అంటూ ఆమె ఆగింది. ఒళ్లో ఉన్న ఎడమ చెయ్యి వంక చూసుకుంది. మచ్చ అక్కడే ఉంది. "కాదు, గిది ఎడమదే. కుడిదానికి... చూపుడువేలు గోరు జర..." మళ్లీ ఆగింది. "నాకు సుత యాదికొస్తలేదయ్యా," అంది. అని భోరున ఏడ్చింది.

ఎందరో ఏడవడం చూశాను ఆ బెంచీ మీద. ఈ ఏడుపు వేరు. ఆ చెయ్యి గోధుమపిండిలో, సబ్బు నీళ్లలో, ప్రెస్ కింద బతికిందే గానీ దాన్ని ఒక్క నిమిషం ఎత్తి చూసుకున్నవాళ్లు లేరు. దాని సొంతదారుకు కూడా తీరిక దొరకలేదు.

ఏడుస్తూ ఏడుస్తూ, "యాదికి రాదు గాని నొస్తది," అంది.

"ఏం నొస్తది?" అన్నాడు శాంతిరాజు.

"చెయ్యి. లేని చెయ్యి. గప్పటి సంది పిడికిలి మూసుకునే ఉన్నది. తెరువరాదు. గోర్లు అరచేతుల గుచ్చుకుంటున్నయి. పొద్దు మాపు గదే. గందుకే పండుకుంట."

"ఎనిమిది నెలల సంది నాకెందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె? లేని చెయ్యి నొస్తున్నదంటే ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి తీస్కపోతరు!"

"పిచ్చి కాదక్కా," అన్నాను నేను. "నా తానకు వచ్చేటోళ్లల్ల మస్తుమందికి ఉంటది. చెయ్యి పోతది గాని అది ఉన్నదన్న ఎరుక పోదు. ఒకలకు దురద, ఒకలకు మంట."

శాంతిరాజు దిగ్గున లేచాడు. నా గోడకు ఒక నల్లబోర్డు ఉంటుంది, ఎవరికి ఏ రోజు రమ్మన్నానో దాని మీద రాసుకుంటాను. అడగలేదు, పెట్టలేదు, చొక్కా చేతితో మొత్తం తుడిచేశాడు. నెల రోజుల తేదీలు పోయాయి. ఇంకో రోజైతే మెడ పట్టి బయటకు గెంటేవాణ్ని.

"కండ్లు మూస్కొని చెప్పు కృపా. ఎట్లున్నది గిప్పుడు?" అంటూనే అలవాటుగా తన ఎడమ చేతిని పిడికిలి బిగించి ఎదురుగా పెట్టుకున్నాడు.

"నీది చూడకు!" అంది ఆమె. కళ్లు మూసుకునే ఉంది, ఎట్లా కనిపెట్టిందో! ఆయన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

ఆమె చెప్పింది, ఆయన గీశాడు. బొటనవేలు లోపల, మిగిలిన నాలుగూ దాని మీద. కాదు, ఇంకా లోపలికి. చూపుడు వేలు కింద నలుగుతున్నది. మణికట్టు జర అటు. ఆయన గీయడం, చెరపడం, మళ్లీ గీయడం. ఇంతకుముందటి నీడలూ నరాలూ సొగసులూ ఏవీ లేవు. గీత వంకరపోతోంది, చాక్‌పీసు విరుగుతోంది. అరగంటకు ఆమె కళ్లు తెరిచి బోర్డు వంక చూసింది.

"గిదే. గిట్లనే ఉన్నది," అంది.

బోర్డు మీద ఒక పిడికిలి. చూడలేక నేను కిటికీ వైపు తిరిగాను.

శాంతిరాజు నా నీళ్ల గిన్నెలో బట్ట తడిపి, చిటికెన వేలొక్కటీ తుడిచేశాడు. కొద్దిగా తెరుచుకున్నట్టు మళ్లీ గీశాడు. "చూడు," అన్నాడు. ఆమె రెప్ప వెయ్యకుండా చూసింది. ఇంకోసారి తుడిచి, ఇంకాస్త చాపి గీశాడు. కొంగు కింద ఆమె మోచెయ్యి అదిరింది.

"ఆఁ... జర ఇడిసింది," అంది నమ్మలేనట్టు. "ఆపకు."

ఉంగరపు వేలు తెరిచాడు. మధ్య వేలుకు చాలాసేపు పట్టింది. నాలుగుసార్లు గీయాల్సి వచ్చింది, ఒకసారైతే ఆమె నొప్పితో కేకే వేసింది. ఆయన ఆగితే, "గియ్యి!" అని గదమాయించింది. చూపుడు వేలు తర్వాత బొటనవేలు మిగిలింది. ఆయన బట్ట ఎత్తేసరికి ఆమె బెంచీ మీద నుంచి లేచింది.

"ఇట్ల తే. అది నేను తీస్త."

కొంగు జారిపోయింది, పట్టించుకోలేదు. ఎడమ చేత్తో బట్ట తీసుకుని బొటనవేలు తుడిచేసింది. చాక్‌పీసు తీసుకుని, పలక మీద మొదటి అక్షరం దిద్దే పిల్లలా నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, బయటికి చాచిన బొటనవేలు గీసింది. లావుగా, వంకరగా, మిగతా చేతికి పొంతన లేకుండా వచ్చింది. ఒక అడుగు వెనక్కి వేసి ఆ తెరిచిన అరచేతిని చూస్తూ గట్టిగా ఊపిరి వదిలింది. "గుచ్చుడు తగ్గింది," అంది.

ఏదో ఒకటి అడగాలి గనక నేనే అడిగాను. "మరి ఏది చూసి చెయ్యమంటవ్ అక్కా? ఎడమదా, అన్న గీసిందా?"

ఆమె ఎడమ చెయ్యి నా బల్ల మీద, అచ్చు గిన్నె పక్కన పెట్టింది.

"దీన్ని చూసే చెయ్ తమ్మీ. ఎట్లున్నా నాకు ఫికర్ లేదు," అంది. "పిడికిలి మాత్రం వద్దు. తెరిచి ఉండాలె."